మోడల్ బిగుసుకుపోతే ముందు లైటు చూడండి

కొత్తగా మోడలింగ్‌లోకి వచ్చిన అమ్మాయి ఫొటోల్లో బిగుసుకుపోయి కనబడితే తప్పంతా ఆ అమ్మాయి మీదికే నెట్టేయడం మా ఫొటోగ్రాఫర్లకు అలవాటు. "ఇంకా కెమెరా భయం పోలేదు", "బాడీ ఫ్రీ కావాలి", "నాలుగు షూట్లు చేస్తే అదే వస్తుంది" అంటుంటాం. ఈ మాటలతో నేను ఒప్పుకోను. చెన్నై వలసరవాక్కంలో మా ఇంటి పై పోర్షన్‌ని స్టూడియోగా మార్చుకుని కొన్నేళ్లుగా పోర్ట్‌ఫోలియోలు తీస్తున్నాను. షూట్‌కి వచ్చే అమ్మాయి మెట్లెక్కి వస్తూ చున్నీ సర్దుకుంటుంది, ఫోన్లో ఎవరితోనో నవ్వుతుంది, వంగకుండానే ఒక కాలితో ఇంకో కాలి చెప్పు విప్పేస్తుంది. ఎంత హాయిగా కదులుతుందో! ఆ మనిషే లైట్ల ముందుకు రాగానే ఆగిపోతుంది. మెట్ల మీద ఉన్న కదలిక పది అడుగుల దూరంలో ఎలా పోయింది? పోగొట్టింది మనం పెట్టిన ఏర్పాటే అని నా వాదన.

ఇంటి స్టూడియోల్లో మామూలుగా జరిగేది చూడండి. నేల మీద టేపుతో ఒక గుర్తు అంటిస్తాం. దగ్గరి లైటు మెత్తగా పడుతుందని నేర్చుకున్నాం కాబట్టి సాఫ్ట్‌బాక్స్‌ని (లైటు ముందు తెల్లగుడ్డ బిగించిన పెట్టెని) ఆ గుర్తుకి చెయ్యి చాచినంత దూరంలో పెడతాం. ఎక్స్‌పోజర్ సెట్ చేసి, ఫోకస్ లాక్ చేస్తాం. "ఇక్కడే నిలబడమ్మా, గడ్డం కాస్త కిందికి, ఎడమ భుజం వెనక్కి... ఆఁ, అలాగే ఉండు, కదలకు" అంటాం. ఊపిరి పీల్చుకునేలోపు "నాచురల్‌గా ఉండు" అని కూడా అంటాం. ఈ రెండూ కలిపి ఎవరు చేయగలరు?

"కదలకు" అన్న మాట ఫొటోగ్రఫీ పుట్టినప్పటిది. 1839లో డాగెరోటైప్ అనే తొలి ఫొటో పద్ధతి వచ్చిన కొత్తలో ఒక్క బొమ్మకి నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ పట్టేది. తల కదలకుండా వెనక నుంచి పట్టి ఉంచే ఇనుప స్టాండ్లు అప్పటి స్టూడియోల్లో ఉండేవి. అప్పుడు ఆ మాటకి అవసరం ఉంది. ఇవాళ మన చేతిలోని చిన్న ఫ్లాష్ తక్కువ పవర్‌లో సెకనులో పదివేలో వంతులో వెలిగి ఆరిపోతుంది. అయినా అదే మాట అంటున్నామంటే కారణం కెమెరాలో లేదు, లైటు పెట్టిన చోటులో ఉంది.

లెక్క చూద్దాం. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. లైటు మోడల్‌కి 1 మీటరు దూరంలో ఉందనుకోండి. ఆమె అర మీటరు లైటు వైపు జరిగితే మీద పడే వెలుగు 4 రెట్లవుతుంది, అంటే 2 స్టాపులు ఎక్కువ (వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు). అర మీటరు వెనక్కి జరిగితే సగం కన్నా తగ్గిపోతుంది. ఒక్క అడుగు అటూ ఇటూ అయితే ఫొటో తెల్లబడిపోవడమో నల్లబడిపోవడమో ఖాయం. ఇక ఆమెను కదలనిచ్చే ధైర్యం ఎవరికి ఉంటుంది? అదే లైటు 3 మీటర్ల దూరంలో ఉంటే ఆ అర మీటరు కదలికకి తేడా అర స్టాపు దగ్గర ఆగుతుంది. రా ఫైల్లో (కెమెరా దిద్దకుండా దాచిన ఫైల్లో) ఆ తేడా కంప్యూటర్ ముందు ఒక్క నిమిషంలో సరిపోతుంది. లైటును దూరం జరిపినప్పుడు మోడల్‌కి నాలుగడుగుల స్వేచ్ఛ వస్తుంది. ఈ ఒక్క మార్పు "ఫ్రీగా ఉండు" అని వందసార్లు చెప్పడం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

కానీ మన గదులు 10 అడుగులకి 12 అడుగులు. 3 మీటర్ల దూరం ఎక్కడి నుంచి వస్తుంది? గోడ నుంచి వస్తుంది. ఫ్లాష్‌ని మోడల్ వైపు పెట్టకండి. ఆమెకి ఎదురుగా ఉన్న గోడ, సీలింగు కలిసే చోటికి తిప్పండి. అప్పుడు ఆ గోడే పెద్ద లైటు అవుతుంది. వెలుగు గది అంతా దాదాపు ఒకే తీరుగా పరుచుకుంటుంది. మొహం మరీ చప్పగా కనిపిస్తే ఒక పక్కన నల్లగుడ్డ కట్టండి, నీడ తిరిగి వస్తుంది. గోడ రంగు మాత్రం చూసుకోవాలి. చెన్నైలో అద్దె ఇళ్లకి పిస్తా, లేత గులాబి రంగులంటే ఓనర్లకి మహా ఇష్టం. ఆ రంగంతా చర్మం మీదికి వస్తుంది. సున్నం వేయించే వీలు లేకపోతే థర్మోకోల్ షీట్లు అంటించినా చాలు, రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టి వేలాడదీసినా చాలు. సినిమా షూటింగుల్లో థర్మోకోల్‌తో వెలుగు తిప్పడం కోడంబాక్కంలో పాత పద్ధతే.

సాఫ్ట్‌బాక్స్ ఇచ్చే ఆ చిక్కని నీడలు, కంట్లో ఆ చక్కని చతురస్రపు మెరుపు ఇందులో పోతాయి. నిజమే. నేను వాటిని వదులుకోవడానికి సిద్ధపడ్డాను. మంచి నీడలో చచ్చుబడిన భుజం కన్నా, చప్పని వెలుగులో బతికి ఉన్న భుజం నాకు కావాలి.

సీలింగ్ ఫ్యాను సంగతి విడిగా చెప్పాలి. మన ఇళ్లలో మోడల్‌ని గెంతమని అడిగే ముందు తల ఎత్తి చూడండి. చేతులు పైకెత్తి ఎగిరిన మనిషి వేళ్లు ఫ్యాను రెక్కల దాకా పోతాయి. ఫ్యాను ఆపి ఉన్నా రెక్క అంచు కోస్తుంది. ఆమెకీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఎంత చెప్పినా సగం ఎత్తే ఎగురుతుంది. నేను గదిలోంచి ఫ్యానే తీయించేశాను. బదులుగా స్టాండు ఫ్యాను పెట్టాను. మే నెలలో కిటికీలు మూస్తే గది కాలిపోతుంది, కాబట్టి షూట్లు పొద్దున్నే మొదలుపెడతాను. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగే రోజుల్లో తూర్పు కిటికీ తెరిస్తే ఏ ఫ్యానూ ఇవ్వలేని గాలి వస్తుంది. ఫ్యాను గాలికి జుట్టు ఒకే వైపు ఒకే తీరున ఎగురుతుంది. కిటికీ గాలి ఆగుతుంది, మళ్లీ వస్తుంది. మోడల్ దానికి ఉలిక్కిపడుతుంది, జుట్టు తీసుకుంటుంది, నవ్వుతుంది.

లెన్సు మాట క్లుప్తంగా. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాని (పాత ఫిల్ము సైజు సెన్సర్ ఉన్నదాన్ని) నిలువుగా పట్టుకుని, తల పైనా కాళ్ల కిందా కదలడానికి చోటు వదులుతూ 2.4 మీటర్ల ఎత్తు ఫ్రేములోకి తేవాలంటే 85 ఎంఎం లెన్సుకి 5.7 మీటర్ల దూరం కావాలి. 50 ఎంఎంకి 3.3 మీటర్లు, 35 ఎంఎంకి 2.3 మీటర్లు చాలు. ఇంట్లో కదలిక తీసేవాళ్లకి 35 ఎంఎం మంచిది. ఫ్రేము అంచుల్లో చేతులు కాస్త సాగుతాయి కాబట్టి మనిషిని మధ్యలో ఉంచి, వదులుగా తీసి, తర్వాత క్రాప్ చేసుకోండి. 2.72 మీటర్ల కాగితపు బ్యాక్‌డ్రాప్ పరిచి దాని మీద తిరగమంటే, టైల్స్ మీద ఆ కాగితం జారుతుంది, చిరుగుతుంది, మోడల్ చూపు నేల మీదే ఉంటుంది. నా వరకు ఖాళీ గోడా, వట్టి కాళ్లూ మేలు.

ఇప్పుడు ఫ్లాష్. కదలికని ఆపేది షట్టర్ అని చాలామంది అనుకుంటారు. చీకటి చేసిన గదిలో ఆపేది ఫ్లాష్ వెలుగు నిడివి. చెయ్యి సెకనుకి 3 మీటర్ల వేగంతో ఊగితే 1/200 సెకనులో ఒకటిన్నర సెంటీమీటర్లు జరుగుతుంది, వేళ్లు చెరిగిపోతాయి. కానీ గది చీకటిగా ఉండి ఫ్లాష్ ఒక్కటే వెలిగితే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఫర్వాలేదు. ఉదాహరణకి నికాన్ ఎస్‌బి-700 ఫ్లాష్ నిండు పవర్‌లో సుమారు 1/1000 సెకను వెలుగుతుంది. పవర్‌ని 1/16కి తగ్గిస్తే సుమారు 1/10000 సెకనే. తక్కువ పవర్‌లో పెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది, ఫ్లాష్ మళ్లీ సిద్ధం కావడానికి ఆగాల్సిన పని ఉండదు. నిండు పవర్‌లో బ్యాటరీ నింపుకునే రెండు మూడు సెకన్లలోనే మంచి క్షణాలు వెళ్లిపోతాయి. గోడకి కొట్టిన వెలుగు తక్కువ పవర్‌లో సరిపోదని భయపడతారు. ఐఎస్ఓని, అంటే కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వాన్ని, 800, 1600కి పెంచండి. ఇప్పటి కెమెరాల్లో ఆ గ్రెయిన్ ఎవరికీ అడ్డు కాదు. ఒక హెచ్చరిక: మోనోలైట్లు అనే పెద్ద స్టూడియో ఫ్లాషుల్లో పాత రకంవి కొన్ని పవర్ తగ్గించినకొద్దీ ఎక్కువసేపు వెలుగుతాయి. కొనేముందు ఫ్లాష్ డ్యురేషన్ ఎంతో అడగండి. ఫ్లాష్ ఆపి ఒక ఫ్రేము తీసి చూడండి, అది పూర్తిగా నల్లగా వస్తే మీ గది సిద్ధం.

బర్స్ట్ మోడ్ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లతో నాకు పెద్ద పేచీ ఉంది. సెకనుకి 10 ఫ్రేములు తీస్తే ఏదో ఒకటి దొరుకుతుందని వాళ్ల ధీమా. దొరకొచ్చు. కానీ 30 సెంటీమీటర్ల ఎత్తు ఎగిరిన మనిషి గాలిలో ఉండేది మొత్తం అర సెకను. అందులో మనకి పనికొచ్చే మొహం, చెయ్యి, కొంగు ఒక్కచోట కుదిరేది ఒక్క క్షణం. 10 ఫ్రేముల మధ్య ఉన్న ఖాళీల్లో అది సులువుగా జారిపోతుంది. చూసి నొక్కుదామంటే కన్ను చూసి వేలు కదలడానికే పావు సెకను దాకా పడుతుంది. ఎగరడం మొదలై శిఖరం చేరడానికి పట్టేదీ అంతే. కాబట్టి చూసి నొక్కితే ఎప్పుడూ దిగేటప్పటి బొమ్మే వస్తుంది. ఎగరడానికి ముందు మోకాలు వంగుతుంది, ఊపిరి లోపలికి పోతుంది. అక్కడ మొదలుపెట్టి, రాబోయేదాన్ని నొక్కాలి. ప్రకృతి కూడా కొంచెం సాయం చేస్తుంది. శిఖరం దగ్గర పైకీ కిందికీ వేగం ఉండదు, అందుకే గాలిలో ఉన్న సమయంలో 70 శాతం ఎగిరిన ఎత్తులో పై సగంలోనే గడుస్తుంది.

ఈ విషయంలో నాకు దారి చూపించింది కూచిపూడి నేర్చుకునే పిల్లలు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టినప్పటి నుంచి ఈ ఊరి తెలుగు ఇళ్లలో ఆ నాట్యం వేళ్లూనుకుంది. రంగప్రవేశం ఫొటోలకి వచ్చే పిల్లలు కెమెరా ముందు భంగిమ పట్టి నిలబడతారు. అందంగానే ఉంటుంది, కానీ పట్టి ఉంచిన భంగిమలో తొడలు వణుకుతాయి, కళ్లు బిగుస్తాయి. "అమ్మా, ఆ జతి మొదటి నుంచి చెయ్యి, నోటితో చెబుతూ చెయ్యి" అంటే అదే భంగిమ ముక్తాయింపులో తనంతట తాను వచ్చి కూర్చుంటుంది. అప్పుడు కంట్లో వెలుగు వేరు. పైగా జతి వింటుంటే ఎక్కడ నొక్కాలో నాకు చెవే చెబుతుంది. తాళం తెలిసిన చోట రాబోయేది ముందే తెలుస్తుంది. నాట్యం రాని మోడల్స్‌తో కూడా ఇదే వాడతాను. పాట పెడతాను, లేదా "ఒకటి, రెండు, మూడు" అని ఆమెనే లెక్కపెట్టమంటాను. నేను లెక్కపెడితే ఆమె నా కోసం చేస్తుంది. ఆమే లెక్కపెడితే తన కోసం చేస్తుంది.

అసలు విషయం ఇక్కడ ఉంది. మనసు పని మీద ఉన్నప్పుడు మనిషి సహజంగా కదులుతుంది. 1950ల్లో ఫిలిప్ హాల్స్‌మన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తాను ఫొటోలు తీసిన ప్రముఖుల్ని ఎగరమని అడిగేవాడు. అమెరికా ఉపాధ్యక్షుడిగా ఉన్న రిచర్డ్ నిక్సన్ ఎగిరాడు, ఇంగ్లండ్ గద్దె వదులుకున్న విండ్సర్ డ్యూక్, ఆయన భార్య చెప్పులు విప్పి ఎగిరారు. ఎగిరేటప్పుడు మనిషి ధ్యాస ఎగరడం మీదికి పోతుంది, మొహం మీద పెట్టుకున్న ముసుగు జారిపోతుంది అన్నది ఆయన నమ్మకం. వాళ్లకి కెమెరా ఎదురుగా ఉందని తెలుసు, ఏం జరుగుతుందో తెలుసు. అయినా దొరికింది నిజమే. అంతకు ముందు 1933లో మార్టిన్ ముంకాచి అనే హంగేరియన్, ఆటల ఫొటోలు తీసి వచ్చినవాడు, హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక కోసం లూసిల్ బ్రోకా అనే మోడల్‌ని లాంగ్ ఐలాండ్ బీచ్‌లో పరిగెత్తించాడు. ఫ్యాషన్ ఫొటో అంటే స్టూడియోలో నిలబడడమే అనుకునే రోజులవి. ఆ తర్వాత రిచర్డ్ ఆవెడాన్ అనే అమెరికన్ ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ ఆ పరుగుని ఖాళీ గోడ ముందుకే తెచ్చాడు. స్టూడియోలో కదలిక రాదనే వాళ్లకి ఆయన బొమ్మలు చాలు.

మనం పోజు చెబుతాం. వాళ్లు పని చెప్పారు. "చెయ్యి నడుము మీద పెట్టు" అంటే చెయ్యి నడుము మీద ఉంటుంది, అంతే. "జడ విప్పి మళ్లీ అల్లుకో" అంటే మెడ వంగుతుంది, మోచేతులు లేస్తాయి, పెదవుల మధ్య పిన్ను వస్తుంది, మధ్యలో ఏదో గుర్తొచ్చి నవ్వుతుంది. కొంగు దోపుకుని వంగి ఏదైనా తీయమనండి. చీర మడత పెట్టమనండి, రెండో కొస ఎవరికైనా ఇవ్వండి. మల్లెపూల దండ సరిచేసుకోమనండి. తొక్కుడుబిళ్ల ఆడమనండి, టేపు గుర్తుకి ఇదొక్కటే మంచి ఉపయోగం. లంగా ఓణీ షూట్లకి నేను ఎప్పుడూ ఇద్దర్ని పిలిపిస్తాను, ఒప్పులకుప్ప కోసం. చేతులు అడ్డంగా పట్టుకుని, పాదాలు దగ్గర పెట్టి, వెనక్కి వాలి తిరగడం మొదలుపెట్టాక ఏ మోడలూ తన మొహం ఎలా ఉందో ఆలోచించదు. తిరిగేటప్పటి బొమ్మకన్నా ఆగినప్పటిది ఇంకా బాగుంటుంది. ఒళ్లు ఆగుతుంది, లంగా మాత్రం ఇంకో అర చుట్టు తిరుగుతుంది, తల తిరుగుతూ ఒక చెయ్యి గోడ కోసం వెతుకుతుంది. మొహం స్థిరంగా, బట్ట గాలిలో. జార్జెట్, షిఫాన్‌లు బాగా వెనకబడి వస్తాయి. కంచిపట్టు బరువుకి కొంగు ఎగరదు, దాన్ని ఎగరేయాలని ప్రయత్నించకండి. పట్టుచీరలో నడక బాగుంటుంది, కుచ్చిళ్లు తన్నుకుంటూ వచ్చే నాలుగడుగుల నడక.

కింద ఇంట్లో వాళ్లకి ముందే చెప్పడం మర్చిపోకండి. పైన మనిషి గెంతితే వాళ్ల సీలింగు మోగుతుంది. మధ్యాహ్నం నిద్రవేళ నేను గెంతించను, ఆ టైములో జడలు, చీర మడతలు.

కొందరు సీనియర్లు నేర్పే ఒక చిట్కా ఉంది: "అయిపోయిందమ్మా, ప్యాకప్" అని చెప్పి, ఆమె భుజాలు దింపుకుని నిట్టూర్చగానే చటుక్కున తీయడం. బొమ్మ బాగా వస్తుందని నాకూ తెలుసు. అయినా అది చేయకూడదని గట్టిగా అంటాను. ఆ అమ్మాయి తనని చూడడం ఆపేశారని నమ్మిన క్షణం అది. ఒకసారి అలా తీశాక ఇక మీ గదిలో ఆమె ఎప్పుడూ భుజాలు దింపదు. నేను మొదట్లోనే చెప్పేస్తాను: "కెమెరా నా కంటి దగ్గర ఉన్నంతసేపూ తీస్తాను, మధ్యలో నీళ్లు తాగినా తీస్తాను. వద్దనిపిస్తే చెయ్యి ఎత్తు, కెమెరా కిందికి దించేస్తాను." ఇలా చెప్పాక కూడా నీళ్లు తాగే బొమ్మలు బాగానే వస్తున్నాయి.

ఇంటి స్టూడియో అంటే ఒక అపరిచితుల ఇల్లు. అక్కడికి వచ్చే అమ్మాయి మెదడులో సగం తలుపు ఎటుందో గుర్తుపెట్టుకుంటూ ఉంటుంది. ఆ సగం కుదుటపడకుండా ఒళ్లు కదలదు. వెంట అమ్మనో స్నేహితురాలినో తెచ్చుకోమని ఫోన్లోనే చెబుతాను. గది తలుపు గడియ పెట్టను. బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉంటుంది. నేను ఆడదాన్నే, వచ్చినవాళ్లు "అక్కా" అనే పిలుస్తారు, అయినా జుట్టు సరిచేయాలన్నా అడిగి ముట్టుకుంటాను, చాలావరకు అద్దం చూపించి తననే సరిచేసుకోమంటాను. కొంగుకి పిన్ను గట్టిగా లేకపోతే ఒక చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. ఆ చెయ్యిని "వదులుగా ఉంచు" అని గదమాయించే ముందు ఇంకో రెండు పిన్నులు ఇవ్వాలి. షూటు మొదలయ్యే ముందు పిన్నుల డబ్బా, లోపల వేసుకునే షార్ట్స్ బయట బల్ల మీద పెడతాను. గెంతే మనిషికి ఇవి లెన్సు కన్నా ముఖ్యం.

"ఇంత శ్రమ దేనికి? 4కే వీడియో తీసి నచ్చిన ఫ్రేము తీసుకుంటే పోదా?" అని కుర్రాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 4కే ఫ్రేములో 80 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, ఇన్‌స్టాగ్రామ్‌కి ధారాళంగా సరిపోతాయి. కానీ వీడియోకి ఫ్లాష్ పనికిరాదు. ఎల్‌ఈడీ లైట్లతో 1/1000 షట్టర్ పెట్టాలంటే వెలుగు చాలదు. చౌక రకం ఎల్‌ఈడీలైతే మన 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, ఫ్రేములో చారలు పడతాయి. ఇవన్నీ డబ్బు పెడితే తీరేవే. నాకు అసలు అభ్యంతరం వేరే. వీడియో తీసేవాడు ఎదురుగా ఉన్న మనిషిని చూడడం మానేస్తాడు, తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటాడు. తీసేవాడి ధ్యాస తగ్గిందని మోడల్‌కి వెంటనే తెలిసిపోతుంది. నేను నొక్కిన ప్రతిసారీ ఫ్లాష్ వెలుగుతుంది, ఆమెకి అది జవాబులా అందుతుంది, తర్వాతి కదలిక దాన్ని బట్టి వస్తుంది.

ప్రతి బొమ్మా పదునుగా ఉండాలని కూడా నేను అనను. గదిలో ఒక పసుపు బల్బు వెలిగించి, షట్టర్ 1/4 సెకను పెట్టి, ఫ్లాష్ చివర్లో వెలిగేలా రియర్ కర్టెన్ సింక్ పెట్టండి. కదిలిన దారంతా చెరిగి వెనక మిగులుతుంది, ఆగిన మొహం స్పష్టంగా వస్తుంది. చాలావరకు పాడవుతాయి. కుదిరినది మాత్రం ఇంకే పద్ధతిలోనూ రాదు.

కదలిక అక్కర్లేని చోటు కూడా ఉంది. ఏజెన్సీలు మొదట అడిగేవి "డిజిటల్స్": మేకప్ లేకుండా, మామూలు బట్టల్లో, ఎదురుగా, పక్క నుంచి, తిన్నగా నిలబడి. అక్కడ కొలతలు కనబడాలి, నా ఒప్పులకుప్పతో వాళ్లకి పని లేదు. వాటిని కిటికీ వెలుగులో, షూటు మొత్తం అయ్యాక చివర్లో తీస్తాను. మొదట్లో తీస్తే ఆ నిలబడ్డ తీరు రోజంతా ఒంట్లోంచి పోదు. గెంతి, తిరిగి, జడ మళ్లీ వేసుకుని అలిసిన మనిషిని అప్పుడు తిన్నగా నిలబడమంటే, భుజాలు వాటి చోటులోనే ఉంటాయి.

ఎంపిక ఆమెతో కలిసి కూర్చునే చేస్తాను. వెంట వచ్చిన అమ్మలు దాదాపు ఎప్పుడూ కళ్లు కెమెరాలోకి పెట్టి నిలబడ్డ ఫొటోనే అడుగుతారు, అది కూడా ఇస్తాను. అమ్మాయిలు తమకి తెలియకుండా చెయ్యి లేచిన ఫ్రేము దగ్గర ఆగి, దాన్ని పెద్దది చేసి చూపించమంటారు. ఎవరికి ఏది కావాలో అది పేరు రాసి విడి ఫోల్డర్లో పెట్టి పంపుతాను. ఆమె వద్దన్నవి అక్కడే, ఆమె చూస్తుండగానే తీసేస్తాను.